సోడా తాగే నాచు

గ్యాసు గురించి నాకు పాఠం చెప్పొచ్చాడు మా మనవడు! కారేపల్లి జంక్షన్ ఎదుట ముప్పై ఏండ్లు గోలీసోడా పట్టి అమ్మినవాణ్ణి నేను. డోర్నకల్లు నుంచి భద్రాచలం రోడ్డుకు పోయే బండి దిగినవాళ్లూ, ఇక్కడ చీలే ఇల్లందు లైను మీద పనిచేసేవాళ్లూ నా సోడా తాగందే కదిలేవాళ్లు కాదు. నీళ్లు పోసిన సీసాను మిషన్లో బిగించి, సిలిండరు కీ తిప్పి, పిడి పట్టుకుని గిర్రున తిప్పితే గ్యాసు నీళ్లలో కలిసేది. ఆ ఒత్తిడికి గోలీ వచ్చి మెడలోని రబ్బరుకు అతుక్కునేది. కాడ్ అనే ఇంగ్లండు ఆయన 1872లో ఆ సీసాకు పేటెంటు తీసుకున్నాడట. మాకు ఆయన పేరుతో పనేముంది? గోలీ నొక్కితే కీచుమనాలి, అంతే.

మా రోజుల్లో ఆ గ్యాసు మనుషులు తాగేవాళ్లు. ఇప్పుడు నాచు తాగుతోంది.

వాడు రెండడుగుల గాజుతొట్టి తెచ్చాడు. చేపలు నాలుగు, మిగతాదంతా గడ్డి. అదీ కొరియర్లో వచ్చింది, తడి కాగితంలో చుట్టుకుని! మేమైతే చెరువులో వలకు చుట్టుకున్న నాచును తిట్టుకుంటూ గట్టున విసిరేసేవాళ్లం. బడిలో హైడ్రిల్లా ప్రయోగానికి సారు అడిగితే దోసెడు పట్టుకెళ్లేవాళ్లం. గరాటా కింద నాచు, పైన నీళ్లు నిండిన గాజుగొట్టం పెట్టి ఎండలో ఉంచితే బుడగలు లేచేవి. చిటికెడు వంటసోడా వేస్తే ఇంకా జోరందుకునేవి. గంటలో పాఠం అయిపోయేది, పైసా ఖర్చు లేదు.

"మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ చాలట్లేదు తాతా" అన్నాడు. గాలిలో ఆ సోడా గ్యాసు పదిలక్షల పాళ్లలో 420 దాటిందని లోకమంతా గగ్గోలు పెడుతుంటే, వీడికి చాలలేదు! అదీ ఎక్కడ? 1871లో విలియం కింగ్ అనే ఆయన బొగ్గు కనిపెట్టిన ఇల్లందు పక్కన. ఆ బొగ్గు కూడా ఎప్పటివో చెట్లు తిన్న గ్యాసే కదా. అయితే తొట్టిలో లైటు పెంచేకొద్దీ మొక్క ఆకలి పెరుగుద్దట, గాలిలోని గ్యాసు నీళ్లలోకి అంత తొందరగా దిగదట. సరే, ఒప్పుకున్నాను.

సిలిండరు, రెగ్యులేటరు అంటే వేలు. అందుకని రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలో రెండు కప్పుల పంచదార, పావు చెంచా ఈస్టు, గోరువెచ్చని నీళ్లు పోశాడు. మూతకు బెజ్జం పెట్టి సన్నగొట్టం దూర్చాడు. తెల్లారేసరికి బుడగలు మొదలైనయి. మూత తీసి వాసన చూసి నవ్వాను. ఇప్పపువ్వు నానేసిన కుండ వాసన! మా అడవి అంచు ఊళ్లలో ఈ విద్య ఎవరికి తెలవదు? పులిస్తే పొంగుద్ది, మత్తు ముదిరేకొద్దీ పొంగు చల్లారుద్ది. వీడి సీసా కూడా రెండు మూడు వారాలకు మూగబోతుంది. అప్పట్లో గ్యాసును గాలికొదిలి మత్తును దాచుకునేవాళ్లు. వీడు గ్యాసును దాచుకుని మత్తును మోరీలో పోస్తున్నాడు.

ఎండలు ముదిరాక సీసా రెచ్చిపోయింది. ఓ తెల్లారుజామున చూస్తే చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. వాడు జబ్బనుకున్నాడు. చెరువు చూసినవాడికి వేరే చెప్పాలా? నాచు దట్టంగా పట్టిన నీళ్లలో తెల్లారుజామున చేప ఇట్లనే పైకొస్తుంది. చీకట్లో మొక్క కూడా మనలాగే ఊపిరి పీల్చి ఆ గ్యాసునే వదులుతుంది. పైగా ఈ సీసా రాత్రంతా పోస్తూనే ఉంది. చెంబుతో నీళ్లు ఎత్తెత్తి పోస్తే కాసేపటికి చేపలు కిందికి దిగాయి.

"కొట్టు కట్టేటప్పుడు సిలిండరు కీ బిగించకుండా నేనెప్పుడన్నా ఇంటికొచ్చిన్నారా? నీ సీసాకు కీ ఏది?"

లేదు. ఈస్టుకు ఆగమంటే ఆగదు. గొట్టం మూస్తే సీసా పేలుద్ది. పేలిన సీసా ఎట్లుంటదో నా ఎడమచేతి మచ్చ చెప్తది. అందుకని రాత్రి తొమ్మిదింటికి లైటు ఆర్పి, గొట్టాన్ని నీళ్లలోంచి లాగి పైన వేలాడదీస్తున్నాను. పొద్దున లైటు వేసి మళ్లీ ముంచుతున్నాను. కొట్టు మూసి ఇంట్లో కూర్చున్నవాడికి మళ్లీ సోడా పనే తగిలింది, ఈసారి కూలి కూడా లేదు.

ఇప్పుడు సెకనుకో బుడగ వస్తోంది. రెండొస్తే నాకు నిద్ర పట్టదు.