అదనపు బరువు

గన్నవరంలో కౌంటరు అమ్మాయి మా పెట్టెలు నాలుగూ తూకానికెక్కించి, "62 కిలోలు ఎక్స్‌ట్రా సర్" అంది. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చలేదని చెప్పేవాళ్ల గొంతులోనైనా ఇంకాస్త మొహమాటం ఉంటుంది.

డాలస్‌లో ఉన్న మావాడు శంషాబాద్ నుంచి గల్ఫ్ విమానానికి టికెట్లు కొన్నాడు. మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. గన్నవరం నుంచి శంషాబాద్‌కి దేశీయ విమానంలో విడిగా కొన్నాడు. మనిషికి 15 కిలోలు. సముద్రాలు దాటడానికి 46, సూర్యాపేట దాటడానికి 15!

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. నా కాల్ వాళ్లకి ఎంతో ముఖ్యమని పదకొండుసార్లు చెప్పి, చివరికి ఎవరో ఎత్తి, "రూల్స్ చదువుకోరా?" అని పెట్టేశారు. గల్ఫ్ వాళ్లకి చేస్తే రెండో రింగుకే పలికారు. "మీకిలా జరిగినందుకు ఎంతో చింతిస్తున్నాం మేడమ్" అన్నారు. (నా గొంతు అలాంటిది.) అది వేరే టికెట్టు కనక ఏమీ చెయ్యలేమని ఎంతో ప్రేమగా చెప్పారు.

ఇద్దరూ కాదన్నారు. మా ఆవిడ ఓటు మాత్రం గల్ఫ్ వాళ్లకే. "కాదనడానికైనా ఓ పద్ధతుంటుందండీ. పెళ్లయిన దగ్గర్నుంచీ మీకు అదేగా చెప్తున్నాను!"

దేశీయ టికెట్లు వదులుకుని కారు మాట్లాడుకున్నాం. ఒళ్లో ఆవకాయ జాడీతో ఈ మర్యాదల్లో తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందా అని నందిగామ దాకా ఆలోచించాను. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా ఉత్తరాల మూటలేసుకుని కరాచీ నుంచి బొంబాయికి తానే విమానం నడుపుకొచ్చాడు. అదే తర్వాత ఎయిరిండియా అయింది. 1946లో దాని గుర్తుగా తలపాగా మహారాజు వచ్చి జనానికి వంగి దండం పెట్టాడు. 1953లో సర్కారుకి దత్తతెళ్లిన ఆ సంస్థ 2022లో పుట్టింటికొచ్చింది. దుబాయ్ వాళ్ల ఎమిరేట్స్ పుట్టిందే 1985లో. దాని మొదటి విమానం వెళ్లిందీ ఆ కరాచీకే, అదీ పాకిస్థాన్ వాళ్ల దగ్గర అద్దెకి తెచ్చుకున్న విమానంలో! అద్దెకి దిగినవాడు వీధి వీధంతా కొనేసినట్టయింది. (మమ్మల్ని తూచినవాళ్లూ, నన్ను మేడమ్ అన్నవాళ్లూ వీళ్లిద్దరూ కారు లెండి.)

దుబాయ్ వాళ్ల బేరంలో చాలా భాగం అక్కడ దిగి మరోచోటికి పోయేవాళ్లతోనే. బస్టాండు పక్క హోటలువాడు పిలిచి కూర్చోబెట్టక ఏం చేస్తాడు? అందుకే వారానికిన్ని సీట్లేనని మన ప్రభుత్వం ఒప్పందం రాయించుకుని, గుమ్మానికి అడ్డంగా నుంచుంది.

శంషాబాద్‌లో గల్ఫ్ కౌంటరు. మెడలో స్కార్ఫు, చెరగని నవ్వు, ఇంగ్లీషు. ఒక పెట్టె 23.6 తూగింది. ఆరువందల గ్రాములు తియ్యమంది, నవ్వుతూనే. మా ఆవిడ మారుమాట లేకుండా గోంగూర పచ్చడి ప్యాకెట్టు తీసింది. గన్నవరంలో ఇదే మాటకి యుద్ధం చేసిన మనిషి!

"చేత్తో పట్టుకెళ్లనివ్వరు. నువ్వే ఉంచుకోమ్మా" అంది.

ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మాది తెనాలి ఆంటీ. ఇంట్లో నూరిందేనా?" అంది.