‘ఇంకొంచెం వేసుకో’ - టీకా తాత్పర్య సహితం

మూలం

ఏం తిన్నావని? ఇంకొంచెం వేసుకో.

అవతారిక

కూరన్నం అయిపోయి, చారు ఇంకా రాని సంధికాలంలో వినిపించే వాక్యమిది. దీనికి ఋషి అమ్మ. అమ్మమ్మ అని కొందరు. అధిదేవత అన్నపూర్ణ. ఛందస్సు నియతం కాదు, తినేవారు చేయి అడ్డం పెట్టినకొద్దీ పాదాలు పెరుగుతాయి. మారు వడ్డనలో వినియోగం. కొత్త అల్లుడి ముందూ, సెలవులకు హాస్టల్ నుంచి వచ్చిన పిల్లల ముందూ దీన్ని మూడుసార్లకు తక్కువ కాకుండా పఠించడం ఆచారం. వాక్యం పొట్టిదే గాని, ఎంత తినాలో తేల్చవలసింది ఎవరన్న పెద్ద తగవు ఇందులో ఇమిడి ఉంది.

పాఠాంతరాలు

పైన ఇచ్చినది కోస్తా పాఠం. ‘ఇంకింత ఏసుకో బిడ్డా, ఏం తిన్నవని?’ అని తెలంగాణ పాఠం. ‘ఇంగ రవ్వంత ఏసుకో నాయనా, ఏం తింటివని?’ అని రాయలసీమ పాఠం. సముద్రాల అవతల ఉన్నవారి విషయంలో గరిటె అందదు కాబట్టి ఫోన్‌లో ‘తిన్నావా? ఏం తిన్నావు?’ అని సంక్షిప్త పాఠం చెలామణిలో ఉంది. అన్నిటా భావం ఒక్కటే.

ప్రతిపదార్థం

ఏం = ఏ పదార్థమును; తిన్నావు = భుజించితివి; అని = అని (లేవబోతున్నావు అని శేషం); ఇంకొంచెం = ఇంతవరకు తిన్నది గాక మరికొంత, అనగా నిండుగా ఒక హస్తం; వేసుకో = వేస్తున్నాను, చెయ్యి తియ్యి.

వ్యాకరణ విశేషాలు

‘ఏం తిన్నావని’ అన్నది రూపంలో ప్రశ్న, అర్థంలో నిషేధం. ఏమీ తినలేదనే దీని భావం. గొంతు విరుపు వల్ల అర్థం తిరగబడడాన్ని ఆలంకారికులు కాకువు అన్నారు. కంచంలో కరివేపాకు, మునక్కాడ పిప్పి, ఎండుమిరపకాయ తొడిమ సాక్ష్యంగా కనబడుతున్నా కాకువు వాటిని లెక్కచేయదు.

ఇంక, కొంచెం అనే రెండు మాటలు కలిసి ఇంకొంచెం అయినప్పుడు ఒక కకారం లోపించింది. లోపం మాటకే పరిమితం, వడ్డనలో లోపించేది ఏమీ లేదు. ‘కొంచెం’ కొలత వేసేవారిది. వండిన అన్నం నూరు గ్రాములకు సుమారు 130 కిలోకేలరీలు. దాని మీద పడే చెంచాడు నెయ్యి, అయిదు గ్రాములైతే, మరో 45. ఈ లెక్కలో రెండు మూడు ‘కొంచెం’లు కలిస్తే ఇంకో పూట భోజనమే.

అన్నం వడ్డించే గరిటెకు హస్తమని పేరు. ఇక్కడ శ్లేష ఉంది. విస్తరి మీద అడ్డం పెట్టినదీ హస్తమే, దాని పైకి వచ్చినదీ హస్తమే. తినేవారు వేళ్ళు చాపి అరచెయ్యి బోర్లా పెడతారు. వడ్డించేవారు ఒక్క క్షణం ఆగి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉన్న సందు చూసుకుని, అక్కడ గరిటె వంచుతారు. మణికట్టు మీద నాలుగు మెతుకులు, మిగిలినది విస్తట్లో. ఈ యుద్ధంలో చేతి హస్తం గెలిచిన దాఖలాలు అరుదు.

అన్నిటికన్నా కీలకం ‘వేసుకో’. వేయు ధాతువుకు ‘కొను’ చేరితే ఆ పని చేసేవాడు తన కోసం చేసుకుంటున్నాడని అర్థం. చూసుకో, రాసుకో, కప్పుకో వంటివి ఇలాంటివే. కాబట్టి వ్యాకరణం ప్రకారం కర్త తినేవాడు. గరిటె అతని చేతిలో ఉండాలి, కొలత అతని ఆకలిది కావాలి. ఆచారంలో కర్త మారిపోయాడు, ‘కొను’ మాత్రం గుర్తుగా మిగిలింది. ఈ టీకాకు మూలాధారం ఇదే.

చారిత్రక విశేషం

ఈ వాక్యాన్ని తప్పుపట్టే ముందు అది పుట్టిన కాలాన్ని చూడాలి. గుంటూరు సీమను ఖాళీ చేసిన 1832-33 నాటి నందన కరువు, రాయలసీమను ఎండగట్టిన 1876-78 నాటి ధాత కరువు ఈ నేల జ్ఞాపకంలో ఉన్నాయి. మళ్ళీ పూట గడుస్తుందో లేదో తెలియని ఇంట్లో, తిండి ఉన్నప్పుడే కడుపు నింపడం వివేకం. గోదావరి లంకల నడుమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841-1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు వండి పెట్టి పేరు పొందింది. కోసుల కొద్దీ నడిచి వచ్చినవాడికి మారు వడ్డన అక్షరాలా ప్రాణదానం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్న సంకటి, రాగి ముద్ద తిన్న ఇళ్ళలోనూ కంచం తెల్లబడింది. నడక తగ్గింది, కుర్చీ పెరిగింది. వాక్యం మాత్రం కరువునాటి గొంతుతోనే పలుకుతోంది.

శంకా సమాధానాలు

శంక: తినేవారు ‘చాలు’ అంటున్నారు గదా, వడ్డన ఎందుకు ఆగదు?

సమాధానం: తెలుగు పంక్తిలో మొదటి ‘చాలు’ మర్యాద, రెండోది మొహమాటం, మూడోదే నిజం. ఈ సంప్రదాయం వల్ల మాటకు విలువ పోయింది. పైగా ఒంటికి కూడా ఆ మాట ఆలస్యంగా అందుతుంది. ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోన్‌ను 1999లో, ఒంట్లోని కొవ్వు నిల్వల సంగతి మెదడుకు చేరవేసే లెప్టిన్‌ను 1994లో కనుగొన్నారు. తింటున్న పూట కడుపు, పేగులు పంపే ‘నిండింది’ అన్న కబురు పైకి చేరడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. టీవీ చూస్తూ గబగబా మింగేవారికి పెరుగన్నం ముగిసినా ఆ కబురు దారిలోనే ఉంటుంది.

శంక: అయితే అన్నమే మానేస్తే తగవు తీరుతుంది గదా?

సమాధానం: ఇది రద్దువాదుల మతం. సోమవారం నుంచి అన్నం బంద్, నెయ్యి బంద్, మామిడిపండు పాపం అని వీరి సూత్రాలు. అమెరికాలోని మిన్నెసోటాలో 1944-45లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది వాలంటీర్లకు ఆరు నెలలు సగం తిండి పెట్టి చూశాడు. బరువు నాలుగో వంతు తగ్గింది. దానితోపాటు మనసంతా తిండే అయింది. వంటల పుస్తకాలు పోగుచేసి చదువుకున్నవారున్నారు. ఆంక్షలు తీశాక ఎంత తిన్నా తృప్తి లేనివారున్నారు. రద్దువాదులు వడ్డనవాదులకు విరోధులుగా కనబడతారు గాని ఇద్దరి దోషం ఒకటే: కొలతను తినేవాడి కడుపులో గాక బయట పెట్టారు. ఒకరు గరిటెలో, మరొకరు పట్టికలో.

శంక: ప్రాచీనులు ఏమన్నారు?

సమాధానం: చరక సంహిత సూత్రస్థానంలో అయిదో అధ్యాయం పేరే మాత్రాశితీయం, అంటే మితంగా తినేవాడి గురించినది. ఆహారపు కొలత తినేవాడి జఠరాగ్ని బలాన్ని బట్టి ఉంటుందని అక్కడి నిర్ణయం. కడుపులో రెండు పాళ్ళు అన్నానికి, ఒక పాలు నీటికి, ఒక పాలు గాలికి వదలాలని వాగ్భటుడి మతం. అగ్ని ఎవరిదో కొలత వారిదే.

శంక: వదిలేస్తే అన్నం పారెయ్యాలి, అది దోషం కాదా?

సమాధానం: దోషమే. అందుకే ముందు తక్కువ పెట్టుకుని, కావాలంటే అడిగి మారు వేయించుకోవడం విధి. గిన్నెలో మిగిలిన అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి ఉంచితే తెల్లారికి చద్దన్నం. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ దానికి సహాయాలు. పొట్ట మిగిలిన అన్నాన్ని దాచే గిన్నె కాదు.

శంక: పిల్లలు తినమని మొండికేస్తే?

సమాధానం: ఏం వండాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దల వంతు, అందులో ఎంత తినాలో పిల్లల వంతు. ఈ పంపకాన్ని అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ ప్రతిపాదించింది. చందమామనో సెల్‌ఫోన్‌నో చూపించి నోట్లో కుక్కిన ముద్దను కడుపు లెక్కపెట్టుకోలేదు.

ప్రయోగ విధి

కూర, పప్పు ముందు, అన్నం వాటికి తగినంత. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లోనూ రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా సగానికి లోపే, సుమారు 45 శాతం. పచ్చడిది నంజుకునే స్థానం, కలుపుకునే స్థానం కాదు. పులిహోర, బూరెలు పండగనాడు నిశ్చింతగా తినాలి. మర్నాడు ప్రాయశ్చిత్త ఉపవాసం అక్కర్లేదు. చారు దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఆకలి ఇంకా ఉందా అని కడుపును అడగాలి. నాలుకను అడగకూడదు, అది సాక్షి కాదు, కక్షిదారు.

తాత్పర్యం

నీవు తిన్నది నా ప్రేమకు చాలలేదు, కనుక మరికొంత తినుము అని మూలానికి భావం. ప్రేమ గ్రాహ్యం, కొలత అగ్రాహ్యం. కాబట్టి ఇంతకుముందు గుర్తించిన ‘కొను’ను ఆధారంగా చేసుకుని పాఠాన్ని ఇలా పరిష్కరించడమైనది. విధ్యర్థకం పోయి నిజమైన ప్రశ్న వచ్చింది. మూలంలో చోటు లేని తినేవారి మాట, ఒక్కసారికే చెల్లేలా, వాక్యంలో చేరింది.

పరిష్కృత పాఠం:

‘ఇంకొంచెం వేసుకుంటావా?’
‘చాలమ్మా.’
‘సరే, చారు తెస్తాను.’