రాయబారి గారూ, బూట్లు ఆరబెట్టండి

సోషల్ మీడియా ఖాతాల తలుపులన్నీ బార్లా తెరిచి రమ్మని ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం సెలవిచ్చింది కదా. ఎఫ్, ఎం, జే వీసాలు కావాలనుకునే వాళ్లందరికీ ఇదే ఆజ్ఞ. గత అయిదేళ్లలో ఏయే పేర్లతో ఖాతాలు నడిపారో అదీ రాసివ్వాలట. చదువుల వీసా ఎఫ్ గురించి మన ఇళ్లలో కావలసినంత గగ్గోలు నడుస్తూనే ఉంది, దాని జోలికి నేను పోను. నాకు నిద్ర పట్టనివ్వనిది జే-1.

ఎందుకంటే జే-1 మీద వెళ్లేవాడు మామూలు మనిషి కాదు. 1961 నాటి ఫుల్‌బ్రైట్-హేస్ చట్టం సాక్షిగా సాంస్కృతిక మార్పిడికి బయల్దేరినవాడు. అంటే సాక్షాత్తూ రాయబారి. కొలరాడో, యూటా మంచుకొండల మీద స్కీ రిసార్టుల్లో డిసెంబరు నుంచి మార్చి దాకా పనిచేసే పెరూ, అర్జెంటీనా, బ్రెజిల్ కాలేజీ పిల్లలంతా రాయబారులే. వాళ్ల దేశాల్లో అవి వేసవి సెలవులు. రిసార్టుల్లో అదే పనివాళ్ల కరువు కాలం. ఈ రెండూ ఇంత చక్కగా కలిసిరావడాన్ని దౌత్యం అంటారు. మన హోటల్ మేనేజ్‌మెంట్ కుర్రాళ్లు కూడా ఇదే జే-1లో ఇంటర్న్ పద్దు కింద వెళ్తుంటారు. వాళ్లకైతే డీఎస్-7002 అని ఒక శిక్షణ ప్రణాళిక కూడా చేతికిస్తారు. సంధిపత్రం అన్నమాట.

రాయబారి దిగగానే అధికార పత్రాలు సమర్పించే ఘట్టం. హెచ్ఆర్ గదిలో ఒక జాకెట్టు, ఒక బ్యాడ్జీ ఇస్తారు. బ్యాడ్జీ మీద పేరు, దాని కింద దేశం పేరు. ఇక అక్కణ్నుంచి దౌత్యకార్యం మొదలు. పొద్దున్నే పార పట్టుకుని, జనాన్ని కొండ మీదికి మోసే కుర్చీల లిఫ్టు దగ్గర మంచు చదును చేయాలి. తర్వాత కుర్చీలు పట్టుకోవాలి. పాతరకం లిఫ్టు ఎక్కడా ఆగదు, నెమ్మదించదు. వెనకనుంచి వచ్చే కుర్చీ జనం మోకాళ్ల వెనక కొట్టకుండా రాయబారి దాన్ని చేత్తో ఒక్క క్షణం లాగిపట్టి, కూర్చున్నాక వదలాలి. నలుగురు కూర్చునే లిఫ్టు గంటకు 2,400 మందిని ఎక్కించాలంటే ఆరు సెకన్లకో కుర్చీ. ఆ ఆరు సెకన్లలోనే సంస్కృతి మారిపోవాలి. మాచుపిచ్చు గురించి ఒక ముక్క చెప్పబోయేలోపు అవతలివాళ్లు కొండెక్కిపోతారు. అయినా పర్వాలేదు, ఇంకో నలుగురు వస్తున్నారు.

లిఫ్టు దక్కని రాయబారికి అద్దె బూట్ల విభాగం. పొద్దుటి నుంచి పది జతల కాళ్లు దూరి వచ్చిన బూటును తుడిచి, మందు కొట్టి, ఆరబెట్టడం కూడా రెండు నాగరికతల మధ్య సంభాషణే. అదీ దొరక్కపోతే హోటల్ గదులు. మన పద్యనాటకాల్లో రాయబారం అంటే ముందు గుర్తొచ్చేది పడక సీను. అక్కడ కృష్ణుడు పడుకుంటాడు, దుర్యోధనుడంతటివాడు వచ్చి తలాపున కాచుకు కూర్చుంటాడు. ఇక్కడి పడక సీనులో పడుకునేవాళ్లు వేరు, దుప్పటి పరిచేవాడు రాయబారి. పైగా కృష్ణుణ్ని సభలోకి రానిచ్చే ముందు అయిదేళ్ల నాటి ఇన్‌స్టాగ్రామ్ చూపించమని కౌరవులు కూడా అడగలేదు. కట్టేయాలని చూశారంతే.

మార్పిడి అన్నాక ఇచ్చిపుచ్చుకోవడం ఉండాలి కదా! కొలరాడో కుర్రాడెవరైనా సెలవుల్లో అరకు వచ్చి, రిసార్టులో దుప్పట్లు మార్చి, బొంగు చికెన్ తిని పారేసిన బొంగులు ఏరిన దాఖలా ఉంటే చెప్పండి, వెళ్లి దండ వేసొస్తాను.

రాయబారి నివాసం గురించి చెప్పలేదు కదూ. స్కీ ఊళ్లలో ఇళ్ల అద్దెలు అక్కడే పుట్టిన టీచర్లకే అందవు. అందుకని రాయబారులకు బంకు మంచాల గది, దాని అద్దె జీతంలోంచి కోత. రాయబారులకు పన్ను మినహాయింపు ఉంటుందంటారు, అది మాత్రం నిజమే. జే-1 విద్యార్థి జీతం మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను లేదు. విద్యార్థికే కాదు, యజమాని కట్టాల్సిన 7.65 శాతమూ మాఫీ. స్థానికుణ్ని పెట్టుకుంటే కట్టాలి, రాయబారిని పెట్టుకుంటే అక్కర్లేదు. కొలరాడోలోని వెయిల్ రిసార్టులో రద్దీ రోజు స్కీ టికెట్టు 300 డాలర్లు దాటిన ఈ కాలంలో సంస్కృతి మీద రిసార్టులకు ఇంత మమకారం ఎందుకో మీకు వేరే చెప్పాలా?

నవ్వులాట చాలు. 2011 ఆగస్టులో పెన్సిల్వేనియాలోని పాల్‌మైరాలో హెర్షీ చాక్లెట్లు ప్యాక్ చేసే గోదాము నుంచి వందలమంది విదేశీ విద్యార్థులు పని ఆపి బయటికొచ్చారు. వాళ్లు కూడా జే-1 సాంస్కృతిక రాయబారులే. అమెరికా చూద్దామని మూడు వేల నుంచి ఆరు వేల డాలర్ల దాకా పోసి వచ్చి, రాత్రి షిఫ్టుల్లో పెట్టెలు మోసి, అద్దె కోతలు పోగా మిగిలింది చూసుకుని కడుపు మండి రోడ్డెక్కారు. వాళ్లు అరిచాకే 2012లో అమెరికా విదేశాంగ శాఖ నియమాలు మార్చింది, ఫ్యాక్టరీ పనులకు పంపొద్దంది. ఆ మార్పు ఏ అధికారికీ దానంతటదే తట్టలేదు. పరాయి దేశంలో, తమను తీసుకొచ్చిన స్పాన్సర్ ఏజెన్సీ ఒప్పుకోకుండా పని మారితే వీసా ఊడుతుందని తెలిసి కూడా, ఇరవయ్యేళ్ల పిల్లలు అట్టలు పట్టుకుని నిలబడితే వచ్చింది.

ఇప్పుడు అలాంటి పిల్లల ఖాతాలు తెరిపిస్తున్నారు. తెరిచి ఏం చూస్తారు? కిందటేడు బంకు గది ఫొటో పెట్టి, ఇదీ మా బతుకు అని రాసుకున్న పిల్ల ఈ ఏడు మళ్లీ వీసాకి వస్తే, ఆ గదిని అలా ఉంచినవాణ్ని పిలిచి అడుగుతారా? ఇంటర్వ్యూ కిటికీ దగ్గర నిలబెట్టి ఆ పిల్లనే అడుగుతారు. తనిఖీ చేయాలన్న బుద్ధే ఉంటే ముందు జీతం చీట్లు తెరిపించండి, కోత ఎంతో చూడండి. గదులు తెరిపించండి, ఒక్కో గదిలో మంచాలెన్నో లెక్కపెట్టండి. స్పాన్సర్ ఏజెన్సీలు పిల్లల దగ్గర ఎంతెంత లాగారో రాసివ్వమనండి, వాళ్లనీ అయిదేళ్లకి సరిపడా.