కోరం ఉంది, జనం లేరు

మీకో పదవి ఉంది. దానికోసం మీరు నామినేషన్ వేయలేదు, డిపాజిట్ కట్టలేదు, ఓటుకింతని పంచలేదు. పద్దెనిమిదేళ్ళు నిండి ఊరి ఓటర్ల జాబితాలో పేరెక్కిన రోజే గ్రామసభ సభ్యులైపోయారు. సర్పంచ్‌కి గడువుంది, ఎమ్మెల్యేకి గడువుంది, మీకు లేదు. అవిశ్వాసం పెట్టేవాడు లేడు, పార్టీ ఫిరాయిస్తే అనర్హత వేటూ లేదు. రాజ్యాంగ 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది కాబట్టి ఈ పదవి వయసు ముప్పై ఏళ్ళు దాటింది. ఇంతకాలం పదవిలో ఉండి ఒక్క ఆరోపణా రానివాళ్ళు దేశం మొత్తమ్మీద మీరే. సభకు వెళితే కదా వచ్చేది!

మనవాళ్ళకు రాజకీయాలంటే ఆసక్తి లేదని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఉదయం ఆరింటికి ఏ ఊళ్ళోనైనా టీ కొట్టు దగ్గరికి రండి. అమెరికా సుంకాలు ఎంతుండాలో మొదటి టీలోనే తేలిపోతుంది. రెండో టీకి పక్క నియోజకవర్గంలో ఏ కులం ఓటు ఎటు పడుతుందో మండలాలవారీగా చెప్పేస్తారు. ఈ చర్చంతా బెంచీ మీద కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చునే జరుగుతుంది. ఎందుకంటే కింద సైడు కాలువ పొంగి పారుతూ ఉంటుంది. ఆ కాలువ సంగతి అడిగితే, "అది మన చేతిలో ఏముంది బాబాయ్, పైవాళ్ళు చూసుకోవాలి" అంటారు. అమెరికా మన చేతిలో ఉంది, కాలువ లేదు.

ఓటు దగ్గర మనకు వంక పెట్టలేరు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఎన్నికలు నాలుగు విడతల్లో జరిగితే నాలుగింటిలోనూ పోలింగు ఎనభై శాతం దాటింది. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి బస్సులెక్కి దిగారు జనం. బస్సు ఛార్జీ ఎవరు పెట్టుకున్నారన్నది వేరే కథ. చట్టప్రకారం ఆ ఎన్నికలకు పార్టీ గుర్తులుండవు. ఉంగరం, కత్తెర, బ్యాట్ వంటివే ఉంటాయి. ఉంగరం ఏ పార్టీదో, కత్తెర ఏ పార్టీదో ఊళ్ళో చంటిపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. ఆ సంగతి తెలియనిది చట్టానికొక్కదానికే.

అసలు పోటీయే లేకపోతే ఇంకా ముచ్చట. ఏకగ్రీవం చేసుకున్న పంచాయతీలకు జనాభాను బట్టి ఐదు లక్షల నుంచి ఇరవై లక్షల దాకా ఇస్తామని అప్పట్లో ప్రకటించారు. ఆట ఆడకపోతే కప్పు ఇచ్చే పోటీ ఇదొక్కటే కాబోలు. కొన్ని ఊళ్ళలో గుడి అరుగు మీద పాట పెట్టి, గుడికి ఎక్కువ రాసిచ్చినవాడికి సర్పంచ్ పదవి ఖరారు చేసిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. దేవుడికి గోపురం వచ్చింది, ఊరికి సర్పంచ్ వచ్చాడు, పెట్టుబడి ఎక్కణ్ణుంచి రాబట్టాలో వచ్చినవాడికి తెలుసు. ఇక ఓటరు చేయాల్సిన పనేముంది?

ఉంది. గ్రామసభకు వెళ్ళాలి. తెలంగాణ 2018 చట్టం రెండు నెలలకోసారి, అంటే ఏడాదికి ఆరుసార్లు సభ పెట్టమంది. పెట్టని సర్పంచ్ పదవికే ఎసరు పెట్టింది. అంతటితో ఊరుకోకుండా ఎంతమంది రావాలో కూడా లెక్క కట్టింది. ఐదొందల్లోపు ఓటర్లున్న ఊళ్ళో 50 మంది, పది వేలు దాటిన ఊళ్ళో 400 మంది ఉంటేనే కోరం. చట్టం రాసినవాళ్ళు జనాన్ని నమ్మారు. అమలు చేసేవాళ్ళు రిజిస్టరును నమ్ముకున్నారు.

ఆ రిజిస్టరు మహిమ చెప్పుకోవాలి. సభ పదింటికని చాటింపు వేస్తారు. డప్పు మోత పంచాయతీ ఆఫీసు గుమ్మం దాటి రెండో వీధి దాకా వినబడుతుంది. పదకొండింటికి కార్యదర్శి, ఇద్దరు వార్డు మెంబర్లు, నీడ కోసం వచ్చిన ముసలాయన ఒకరు చేరతారు. పన్నెండింటికి తీర్మానాలు అయిపోతాయి. మధ్యాహ్నం నుంచి రిజిస్టరు ఊరిమీద పడుతుంది. ఉపాధి పని జరిగే చోటుకెళ్ళి సంతకాలు పెట్టించుకుంటుంది, రేషన్ క్యూలో వేలిముద్రలు వేయించుకుంటుంది. జనం సభకు రాకపోతే సభే జనం దగ్గరికి వెళుతోంది. అధికార వికేంద్రీకరణ ఇంతకంటే ఇంకెక్కడుంది? సాయంత్రానికి కోరం నిండుతుంది. ఒక్కోసారి పోయినవాళ్ళు కూడా వచ్చి సంతకం చేసిపోతారని గిట్టనివాళ్ళు అంటారు. ఊరిమీద అభిమానం అలాంటిది మరి.

వేదిక మీది సంగతి కూడా చూడండి. సర్పంచ్ పదవుల్లో సగం మహిళలకు కేటాయించారు. కాబట్టి సర్పంచ్ గారి కుర్చీలో సర్పంచ్ గారి భర్త కూర్చుంటారు. "మేడం గారు ఏరండీ?" అని అడిగితే, "ఇంట్లో పనిలో ఉందిలెండి, నేనున్నాగా, చెప్పండి" అంటారు. కొత్తగా వచ్చిన అధికారి ఆయన్నే సర్పంచ్ అనుకుని శాలువా కప్పుతాడు. సంతకం మాత్రం ఆవిడే చెయ్యాలి, చెక్కు మీద ఆయన పేరు చెల్లదు. అక్కడొక్కచోటే మహిళా సాధికారత పకడ్బందీగా అమలవుతోంది.

సభలు జరగడం లేదని ప్రభుత్వాలను నిందించడం మళ్ళీ అన్యాయమే. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. ప్రపంచ రికార్డని సర్టిఫికెట్ కూడా వచ్చింది. చట్టప్రకారం ఎప్పుడూ జరగాల్సిన పని ఒకరోజు జరిగితే రికార్డు అయిందంటే, మిగతా రోజుల గురించి సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళే చెప్పకనే చెప్పారు.

తెలంగాణలో ఇంకో వింత. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు తీరింది. తర్వాత దాదాపు రెండేళ్ళు ప్రత్యేకాధికారులే ఊళ్ళు ఏలారు. ఆ మధ్యలో, 2025 జనవరిలో, రేషన్ కార్డులకు, ఇందిరమ్మ ఇళ్ళకు ఎంపికైనవాళ్ళ జాబితాలు చదవడానికి నాలుగు రోజులు గ్రామసభలు పెట్టారు. అబ్బో, ఏం జనం! ఎన్నికైన సర్పంచ్ ఒక్కడూ లేడు, సభలు మాత్రం కిటకిటలాడాయి. "నా పేరేదీ? వాడి పేరెట్లా వచ్చింది?" అని నిలదీసేసరికి కొన్ని చోట్ల అధికారులు చదువుతున్న కాగితాలు మడతపెట్టాల్సి వచ్చింది. మనకు సభకు వెళ్ళడం రాదనడానికి లేదు. మన పేరున్న కాగితం చదువుతారంటే పొలం పని ఆపుకుని వెళతాం. ఊరి పేరున్న కాగితం చదువుతారంటేనే ఒంట్లో బాగుండదు.

ఇక సలహాలు. సర్పంచ్‌తో, కార్యదర్శితో స్నేహంగా ఉండాలనుకునేవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

సభలో ఎంత అరిచినా ఎవరికీ నష్టం లేదు. బల్ల గుద్దండి, గతంలో ఏ పార్టీ ఏం చేసిందో ఏకరువు పెట్టండి, కార్యదర్శి టీ తెప్పిస్తాడు. అదే నెమ్మదిగా, "అయ్యా, ఈ మాట తీర్మానంగా మినిట్స్ బుక్కులో రాయండి, రాసింది చదవండి" అన్నారనుకోండి, ఆ టీ సగంలో ఆగిపోతుంది. మాట గాలికి పోతుంది, రాసింది మాత్రం ఆడిట్‌కి పోతుంది. రెండోది, కిందటేడు జమాఖర్చులు చదవమనండి. 15వ ఆర్థిక సంఘం ఊరికిచ్చిన డబ్బులో అరవై శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టింది. అంటే ఆ కాలువకు డబ్బు వచ్చింది, మీ ఊరి పేరుమీదే వచ్చింది. ఏ పద్దు కింద ఎంత ఖర్చు రాశారో ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్లో ఉంటుంది. రీల్స్ చూసే ఫోనులోనే కనబడుతుంది, డేటా కూడా తక్కువే అవుతుంది.

చెప్పనంటే సమాచార హక్కు ఉండనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో రాసుకున్న ఫీజు నిబంధనల ప్రకారం గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు పైసా కట్టక్కర్లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆపైన పది. జవాబుకు గడువు ముప్పై రోజులు. అయితే మీ దరఖాస్తు పొద్దున ఆఫీసులో పడితే సాయంత్రానికి ఊరంతటికీ తెలిసిపోతుంది. ముప్పై రోజులు ఆగక్కర్లేదు, మొదటి జవాబు ఆ రాత్రే ఇంటికి వస్తుంది. "ఏంరా తమ్ముడూ, ఏదో కాయితం పెట్టావంట? నీకేం కావాలో నన్నడగొచ్చుగా!" అని భుజం మీద చెయ్యేసి మరీ ఇస్తారు.

ఇక్కడ నాకు నవ్వు రాదు. అడిగినవాడి తల్లికి పింఛను ఆగుతుందేమో, ఇంటి బిల్లు రాదేమో అన్న భయం ఊహించుకున్నది కాదు, ఊళ్ళో ఉన్నవాళ్ళకు తెలుసు. ఆ భయానికి విరుగుడు కూడా ఊళ్ళలోనే పుట్టింది. ఒక్కరు పోతే దరఖాస్తుదారు అంటారు, నలభైమంది పోతే "కూర్చుని మాట్లాడుకుందాం రండమ్మా" అంటారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రోశమ్మ ముందు నడవగా సారా దుకాణం మూయించారు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు, ఏ పార్టీకీ చెందనివాళ్ళు. వాళ్ళు జెండా ఎగరేయలేదు, ప్రెస్ మీట్ పెట్టలేదు, ఊళ్ళోకి సారా రానివ్వలేదు, అంతే. ఆ గాలి జిల్లా అంతా పాకి సారా పాటలే సాగనివ్వలేదు. మరుసటేడు రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మొత్తం మద్యాన్నే నిషేధించింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. అంటే ఊరు కష్టపడి ఎక్కించింది అసెంబ్లీ తీరిగ్గా దించేసిందన్నమాట. అది వేరే కాలమ్.

మన ఉత్తరాంధ్రకు ఆనుకునే ఒడిశాలో నియమగిరి కొండలున్నాయి. అక్కడి బాక్సైట్ తవ్వకాల సంగతి గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెబితే, పన్నెండు పల్లెల్లో సభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. వేల కోట్ల కంపెనీ ఆగింది. ఆ పల్లెల్లో మన టీ కొట్టు చర్చలకు పనికొచ్చేటంత రాజకీయ పరిజ్ఞానం ఎవరికీ ఉండి ఉండదు. ఉంటే వాళ్ళూ అమెరికా గురించే మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు.

పట్నంవాళ్ళకు ఈ గ్రామసభల గొడవ లేదు. 2020 డిసెంబరులో హైదరాబాద్ నగరపాలక ఎన్నికల్లో పోలింగు 46 శాతం దగ్గరే ఆగిపోయింది. కార్పొరేటర్ ఎవరో తెలియకుండానే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కార్పొరేటర్‌ని తిట్టగలగడం నాగరికత.

మళ్ళీ ఊరికొద్దాం. ఒక ఊళ్ళో, ఏ ఊరైనా అనుకోండి, డ్వాక్రా గ్రూపు లెక్కలు రాసే ఆవిడ ఒకరు సభకు వచ్చారు. పది రూపాయలు తేడా వస్తే రాత్రి నిద్రపోని మనిషి. బ్లీచింగ్ పౌడర్ ఖర్చు చదవగానే లేచారు. "ఎన్ని బస్తాలండీ? ఏ వీధిలో చల్లారు?" సర్పంచ్ గారి భర్త నవ్వారు. "అక్కా, ఇంత చిన్న విషయం సభలో ఎందుకు, ఇంటికి రా, మాట్లాడుకుందాం." ఆవిడ కూర్చోలేదు. "ఇంటికొస్తే పుస్తకంలో ఎట్లా రాస్తారు? ఇక్కడే రాయండి, నేను అడిగానని, మీరు చెప్పలేదని." వెనక ఉన్న గ్రూపు సభ్యులు పదిమందీ లేచి నిలబడ్డారు. కార్యదర్శి చచ్చినట్టు రాశాడు. వచ్చే సభలో చెబుతామని హామీ ఇచ్చి సభ ముగించారు.

వచ్చే సభ తేదీ ప్రకటించారు. సరిగ్గా డ్వాక్రా గ్రూపులన్నీ కిస్తీ కట్టడానికి మండలకేంద్రంలో బ్యాంకుకు పోయే రోజు, ఉదయం పదింటికి.

గ్రూపువాళ్ళు ఆ నెల కిస్తీ ముందురోజే కట్టేశారు.