పద్దెనిమిదేళ్ల తేడా

సి-బుక్కు ప్రకారం నేను రోడ్డెక్కింది 1978లో. నిజానికి అప్పటికే నాకు రెండుసార్లు రింగులు మార్చారు, మూడో రంగు వేశారు. ఒక ఉప్పెనలో మునిగి తేలాను కూడా.

నేను అంబాసిడర్‌ని. మార్క్ టూ, మార్క్ త్రీ అని అంకెలు తగిలించుకున్న తమ్ముళ్లు ఇంకా పుట్టని రోజుల్లో, కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డున ఉన్న ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో తయారయ్యాను. మా వంశానికి మూలం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. 1489 సీసీ పెట్రోలు ఇంజను, స్టీరింగు పక్కన గేరు రాడ్డు, ముందు కూడా ముగ్గురు సర్దుకు కూర్చునే పొడుగాటి సీటు. ఇంతకీ మాకు చాసిస్ అంటూ విడిగా ఉండదు, బాడీయే అన్నిటినీ మోస్తుంది. అయినా చాసిస్ నంబరు మాత్రం ఉంది. సర్కారు గడి పెట్టాక అందులో ఏదో ఒకటి రాయాలి కదా!

నన్ను తెనాలి దగ్గర ఒక రైసు మిల్లు షెడ్డులోంచి కొన్న అమ్మాయి గుంటూరులో బ్యాంకు ఉద్యోగి. కొన్న వారానికి మెకానిక్ బానెట్ ఎత్తి, డ్యాష్‌బోర్డు తడిమి, "మేడం, ఇది డెబ్భై ఎనిమిది బండి కాదండి. ఈ సామాను నా చిన్నప్పుడే పాతది" అన్నాడు. ఆమె బుక్కు తెరిచి చూసింది. అట్ట మీద ఎర్ర సిరాతో 'డూప్లికేట్' అని ఉంది. రిజిస్ట్రేషన్ తేదీ గడిలోనూ, బుక్కు జారీ చేసిన తేదీ గడిలోనూ ఒకటే తేదీ. రాసిన గుమాస్తా ఒకే తేదీని రెండు గళ్లలో దించేశాడన్నమాట. ఆ గుమాస్తాని నేనేమీ అనను. ఆ సంవత్సరం ఆ బల్ల మీద ఎన్ని డూప్లికేట్ అర్జీలు పేరుకున్నాయో నాకు తెలుసు.

తేడా చిన్నదేం కాదు. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నియమాలను సవరించి, మొదటిసారి రిజిస్టరైన రోజు నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ హోదా పెట్టింది. రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు, నంబరులో రాష్ట్రం అక్షరాల వెనకాల 'వీఏ'. కాగితం మీది 1978 ప్రకారమైతే నాకు 2028 దాకా ఆ యోగం లేదు. అయితే ఆమెను కదిలించింది ఆ నంబరు కాదని నా అనుమానం. బ్యాంకు మనిషి. లెక్క కుదరకపోతే నిద్ర పట్టదు.

ఆర్టీఓ ఆఫీసులో కంప్యూటర్లో నా నంబరు కొడితే వచ్చేది డూప్లికేట్ బుక్కులో ఉన్నదే. అంతకుముందు సంగతి కావాలంటే బి-రిజిస్టరు చూడాలి. కంప్యూటర్లు రాకముందు ప్రతి బండికీ అందులో ఒక పేజీ. ఓనరు పేరు, తండ్రి పేరు, చిరునామా, తయారీ సంవత్సరం, సిలిండర్లు, ఇంజను నంబరు, ఖాళీ బండి బరువు, అప్పిచ్చినవాళ్లెవరు. చేతులు మారినప్పుడల్లా పక్క గడిలో ఐమూలగా ఎర్ర సిరా. ఆ రిజిస్టర్లు పాత గదిలో ఉన్నాయన్నారు, తాళం ఉన్నాయన సెలవులో ఉన్నాడన్నారు. ఆమె ఎన్నిసార్లు తిరిగిందో నేను లెక్కపెట్టలేదు గానీ, తిరిగి వచ్చిన ప్రతిసారీ నా తలుపు కాస్త గట్టిగానే వేసేది.

చివరికి పేజీ దొరికింది. నా ఇప్పటి నంబరు, 'ఏ' అక్షరంతో మొదలయ్యే ఆ పాత మూడక్షరాల నంబరు, 1969లో ఇచ్చినది. ఓనరు బాపట్ల డాక్టరు గారు. 'పూర్వపు నంబరు' గడిలో ఎం అనే అక్షరం, చివర రెండంకెలు. మధ్యది చెదలు తినేశాయి.

ఎం అంటే మద్రాసు. ఒక రాష్ట్రంలో బండి మరో రాష్ట్రానికి కాపురం వస్తే అక్కడి నంబరు తీసుకోవాలి. అలా నాకూ నంబరు మారింది. మిగతా అంకెలు ఎక్కడున్నాయో నాకు తెలుసు, చెప్పే నోరు లేదు. వెనక సీటు విప్పి కొబ్బరి పీచు మార్చినప్పుడు మెకానిక్కే బయటికి తీశాడు, గుండ్రటి ట్యాక్సు టోకెన్ని. ఒకప్పుడు మూడు నెలలకోసారి పన్ను కట్టి అద్దానికి అంటించేవాళ్లు. అది ఊడి సీటు సందులో పడి అర్ధ శతాబ్దం దాటింది. రంగు పోయింది, నంబరు పోలేదు.

చెన్నైలో సంగతి త్వరగానే తేలింది. ఎర్ర సిరాతో 'ఆంధ్రప్రదేశ్‌కు తరలింది' అని కొట్టేసిన పేజీలో ఓనరు ఒక తెలుగు సినిమా కంపెనీ. నేను వెళ్లేనాటికి అది మద్రాసు రాష్ట్రం, తమిళనాడు అని పేరు మారింది 1969 జనవరిలో. తెలుగు సినిమా దాదాపు అంతా అప్పుడు అక్కడే ఉండేది. నా పక్కన నిలబడి ఫోటో దిగిన నటులెవరు అని ఆమె మనసులో ఉన్నట్టుంది. ఆ ముచ్చట తీర్చలేను. నేను మోసింది ఎక్కువగా ఫిల్ము డబ్బాలు. మద్రాసు ల్యాబు దగ్గర ఎక్కించుకుని, రాత్రంతా ట్రంకు రోడ్డు మీద నడిచి, తెల్లారేసరికి బెజవాడ గాంధీనగర్లో డిస్ట్రిబ్యూటర్ల వీధిలో దించడం. నెల్లూరు దాటాక డ్రైవరు నిద్ర ఆపుకోవడానికి పద్యాలు పాడేవాడు, గొంతు బాగుండేది కాదు.

ఆ పేజీలోనూ పూర్వపు నంబరు ఒకటుంది. 'ఏ' అక్షరం, 1960, ఓనరు చీరాల. అమ్మాయి నేరుగా ఒంగోలు వెళ్లింది. చీరాల ప్రకాశం జిల్లా అని ఆమెకు చిన్నప్పటి నుంచీ గుర్తు. ఒంగోల్లో ఎంత వెతికినా ఆ సిరీసే లేదు. ఎలా ఉంటుంది? ఒంగోలు జిల్లా ఏర్పడిందే 1970లో. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లాలు మూడు మారాయి. 1960లో అది గుంటూరు జిల్లా. అంటే ఆమె వెతుకుతున్న పేజీ, చెదలు తిన్న పేజీకి రెండు బీరువాల అవతల, మొదట అడుగుపెట్టిన గదిలోనే ఉంది.

ఆ పేజీ చెక్కుచెదరలేదు. నా చాసిస్ నంబరు, ఇంజను నంబరు, కొత్త బండి, 1960. ఓనరు పొగాకు వ్యాపారి. సరిగ్గా రెండేళ్లు నిండిన నెలలో మద్రాసుకు అమ్మకం. అది చూసి ఆమె నవ్వింది, నాకు కష్టమేసింది. ఆ రోజుల్లో డబ్బున్నంత మాత్రాన కారు రాదు. కట్టి, పేరు రాయించుకుని, ఏళ్లు కాచుకోవాలి. గేటు దాటగానే కొన్న ధరకు మించి ఇచ్చేవాళ్లుండేవారు. అందుకే 1959లో కార్ల పంపిణీ, అమ్మకాల నియంత్రణ ఉత్తర్వు తెచ్చి, రెండేళ్ల దాకా అమ్మనని కొన్నవాళ్ల చేత పూచీ రాయించారు. తేదీ చూస్తే ఈయనా లాభానికి కాచుకున్న బేరగాడిలాగే కనిపిస్తాడు. కానీ ఆ ఏడాది ఆయన సరుకు ఎగుమతి కాక గోడౌన్లో ఉండిపోయింది. అప్పులవాళ్లు ఇంటికొచ్చి కూర్చునేవారు. పూచీ గడువు ఎప్పుడు తీరుతుందా అని కాచుకున్నది వాళ్లు. ఎర్ర సిరా తేదీ చెబుతుంది గానీ, గుమ్మంలో ఎవరు కూర్చున్నారో చెప్పదు.

డాక్టరు గారి విషయమూ అంతే. 1977 నవంబరు 19. సముద్రం పొలాల మీదుగా వచ్చింది. సర్కారు లెక్కలోనే దాదాపు పదివేల మంది పోయారు. నేను స్టీరింగు దాకా ఉప్పు నీళ్లలో ఉన్నాను. గ్లవ్ బాక్సులోని సి-బుక్కు ముద్దయిపోయింది. నీళ్లు తీశాక డాక్టరు గారు నావైపు చూడనైనా చూడలేదు, సైకిలెక్కి ఊళ్లమీద పడ్డారు. నెలల తర్వాత ఎవరో గుర్తు చేస్తే డూప్లికేటుకి అర్జీ పెట్టారు. ఆ అర్జీ ఫలితమే నా పద్దెనిమిదేళ్లు.

వయసు తేలింది. ఇంతవరకూ కాగితం తప్పు, నేను ఒప్పు. ఇప్పుడు కథ తిరగబడింది. ఎనభైల మధ్యలో తెనాలి ఓనరు, పెట్రోలు ధర భరించలేక నాలో డీజిల్ ఇంజను దించాడు. పెళ్లి ట్రిప్పులకు తిప్పాడు, నాలుగు రాళ్లు సంపాదించాడు, బుక్కులో మాత్రం ఎక్కించలేదు. బుక్కులో నేటికీ నా పుట్టు ఇంజను నంబరే. వింటేజ్ నియమం ఏమో బాడీనీ ఇంజనునూ మార్చకుండా అసలు రూపంలో ఉంచిన బండి కావాలంటుంది. డీజిల్ సంగతి అమ్మాయికి మొదటి రోజే తెలుసు, ముందు పుట్టిన తేదీ తేలనీ అనుకుంది. మెకానిక్ తేలిక మార్గం చెప్పాడు: పాత పెట్రోలు బ్లాకు ఒకటి తెచ్చి, దాని మీద నంబరు అరగదీసి, నా నంబరు కొట్టేద్దాం అని. "అది దొంగ ఎంట్రీ అన్నా, నా వల్ల కాదు" అందామె.

బెజవాడ ఆటోనగర్లో 1489 సీసీ పెట్రోలు ఇంజను ఒకటి దొరికింది, మా కాలం నాటిదే. బిల్లు కూడా ఇచ్చారు. దాని నంబరు దానికే ఉంది. అదే రకం ఇంజను పెడితే బ్రేకు ఇన్‌స్పెక్టరు ఒప్పుకుంటాడో లేదో ఇంకా తేలలేదు. ఆమె మాత్రం ఆగలేదు. ఆ ఇంజను ఏ అంబాసిడర్‌దో, ఎక్కడ స్క్రాపయిందో తెలుసుకోవాలని మళ్లీ అర్జీ రాసింది. ఈసారి కాకినాడ రిజిస్టరు అంటున్నారు.