అరణ్యానికి బైపాస్ రోడ్డు

తమ్ముడూ, సేవకు వస్తానన్నావని మీ నాన్నగారు చెప్పారు. చాలా సంతోషం. కానీ ఎవరో నీ చెవిలో ఇంకో మాట కూడా వేశారట: దేవుడు తన పనికి ఏర్పరచుకున్నవాణ్ని ముందు కష్టాలతో, శోధనలతో నలగ్గొట్టిగానీ నిలబెట్టడని. అది విన్నప్పటి నుంచి నీకు నిద్ర పట్టడం లేదట. నిశ్చింతగా నిద్రపో. నలగకుండానే స్టేజీ ఎక్కినవాళ్లు మన జిల్లాలోనే బోలెడుమంది ఉన్నారు. కొందరికి మెట్లు చూపించింది నేనే. ఆ అనుభవంతోనే చెబుతున్నాను, విను.

అన్నిటికంటే ముందు, కాలం వృథా చేసుకోకు. మోషేను చూడు. ఐగుప్తు రాజభవనంలో పెరిగి, వాళ్ల విద్యలన్నీ నేర్చినవాడు, మిద్యానులో మామగారి మంద వెనక 40 ఏళ్లు తిరిగాడు. తర్వాత మరో 40 ఏళ్లు అరణ్యంలోనే, అడుగడుక్కీ సణిగే జనాన్ని నడిపించాడు. ఆ ఓపిక గొర్రెల దగ్గరే అబ్బిందని మీ సండేస్కూలు టీచరు చెప్పే ఉంటుంది. ఆ రోజుల్లో గూగుల్ మ్యాప్స్ లేవు, అంతే సంగతి. యోసేపు 17 ఏళ్ల వయసులో అన్నల చేతుల్లో అమ్ముడుపోయాడు. ఫరో ముందు నిలబడేసరికి 30 ఏళ్లవాడు. మధ్యలో బానిసతనం, చెరసాల, పైగా మేలు పొందిన పానదాయకుడు బయటపడ్డాక రెండేళ్లపాటు అతని పేరే మరిచిపోవడం. నీకంత తీరిక ఎక్కడిది? మూడు నెలల బైబిల్ ట్రైనింగ్ చాలు. ఆ తర్వాత గౌరవ డాక్టరేటు. దానికి థీసిస్ అడగరు, ఫీజు అడుగుతారు. పేరుకు ముందు రెవరెండ్ డాక్టర్ అని పడ్డాక, ఏ మందను కాశావయ్యా అని అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు.

జనం లేనిచోట పని మొదలుపెట్టకు. 1854 జనవరి 1న ఒంగోలు పక్కనున్న కొండ మీద అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూవెట్, ఆయన భార్య, నెల్లూరు నుంచి వెంట వచ్చిన ముగ్గురు తెలుగు విశ్వాసులు మోకరించి, ఈ ఊరికో మనిషిని పంపమని దేవుణ్ని అడిగారు. మొత్తం ఐదుగురు. ఫలితం కనబడటం లేదు, ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని అంతకుముందు ఏడాదే అమెరికాలో వాళ్ల పెద్దలు చర్చించుకున్నారు. ఆ ఐదుగురి ప్రార్థనను ఇప్పుడు లైవ్‌లో పెడితే చూసేదీ ఆ ఐదుగురే. అడిగిన మనిషి, జాన్ క్లౌ, 1865లో గానీ ఈ దేశం రాలేదు. పదకొండేళ్లు! ఒక్క ఆదివారం కానుక తగ్గితేనే సేవ మానేద్దామా అనుకునే కాలం మనది.

ఈ క్లౌ దొర సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నువ్వు ఏం చెయ్యకూడదో ఆయన దగ్గరే బాగా తెలుస్తుంది. పడుచుతనంలో అమెరికాలో భూములు కొలిచే సర్వే పని చేశాడు. సువార్తకూ సర్వే గొలుసులకూ ఏం సంబంధం? 1876లో ధాత కరువు వచ్చింది. కోస్తా వెంబడి బకింగ్‌హాం కాలువ తవ్వకం సాగుతోంది. అందులో మూడున్నర మైళ్ల పని ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పాత సర్వే విద్య అక్కడ అక్కరకొచ్చింది. ఆకలితో వచ్చిన వేలమందికి తట్ట, పార చేతికిచ్చి కూలి ఇచ్చాడు. సంఘ బోధకులు మేస్త్రీలుగా మట్టిలో నిలబడ్డారు. పని మధ్య ఆగినప్పుడు జనంతో కూర్చుని మాట్లాడారు. తెల్లచొక్కాలు ఏమైపోయాయో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

సరే, అంతవరకు భరిద్దాం. అంతమంది కాలువ గట్టు మీదే ఉన్నారు. మాకూ బాప్తిస్మం ఇవ్వండి అని అడుగుతున్నారు. ఆయన ఇవ్వనన్నాడు! కరువు ఉన్నన్నాళ్లూ, ఏడాదికి పైగా, కొత్తవాళ్లను ఒక్కరినీ చేర్చుకోలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదట. అమెరికాకు పంపే రిపోర్టులో పెద్ద అంకె రాసుకునే అవకాశం చేతిలో పెట్టుకుని, రాయకుండా కూర్చున్నాడు. సేవకుడికి శోధన అంటే ఆడమనిషో డబ్బో అనుకుంటాం గానీ, నన్నడిగితే అంకెను మించిన శోధన లేదు. అందుకే చెబుతున్నాను, అంకె కనబడగానే పుచ్చుకో.

కరువు తీరి, కూలిపని ఆగి, ఇక ఇచ్చేందుకు ఏమీ లేదని చెప్పాక కూడా వాళ్లు మళ్లీ వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ ఒక్కరోజున 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. తోళ్ల వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్లు అంతకు పదేళ్ల ముందే ఊరూరా తిరిగి మాట చేరవేసి ఉన్నారు. చచ్చిన గొడ్డు మాంసం ముట్టం, ఆదివారం పనికి రాం, జాతరలో డప్పు కొట్టం అన్నందుకు కొన్ని ఊళ్లలో వాళ్లకు పనులు మాన్పించారు, నీళ్లకు దారులు మూశారు. అయినా నిలబడ్డారు. ఇలాంటి చరిత్రలు మన యూత్ మీటింగుల్లో ఎత్తకు. కుర్రాళ్లు లేనిపోని ప్రశ్నలు వేస్తారు.

ఇక అరణ్యంలో ప్రభువుకు ఎదురైన శోధనలు. నలభై రోజుల ఉపవాసం తర్వాత మూడు ప్రతిపాదనలు వచ్చాయి: రాళ్లను రొట్టెలు చెయ్యడం, దేవాలయ శిఖరం మీద నుంచి దూకడం, లోక రాజ్యాలు పుచ్చుకోవడం. మూడూ వద్దన్నాడు. ఆయనకు చెల్లింది. మనకు బిల్డింగ్ ఫండ్ ఉంది. కాబట్టి రొట్టె అవకాశం వస్తే బియ్యం బస్తాలు పంచు, ప్రతి బస్తా మీదా నీ ఫొటో ఉండాలి. శిఖరం దొరికితే దూకనక్కర్లేదు, డ్రోన్ షాట్ తీయించు. రాజ్యాల సంగతి ఎన్నికల ముందు వస్తుంది. అభ్యర్థులు వచ్చి తలవంచి ప్రార్థన చేయించుకుంటారు, వెళ్తూ వెళ్తూ మీ సంఘంలో ఓట్లెన్ని పాస్టర్ గారూ అంటారు. పోటీలో ఉన్న ఇద్దరికీ గెలుపు నీదేనని ఒకే వాగ్దానం ఇవ్వు. ఒకటి తప్పకుండా నెరవేరుతుంది. అన్నట్టు, ఆ రోజు అపవాది కూడా వాక్యం ఎత్తే మాట్లాడాడు, 91వ కీర్తనలోంచి. వాక్యం నోటికి వస్తే చాలు, మిగతాది ఎవరూ అడగరనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఫోతీఫరు భార్య పట్టుకుంటే యోసేపు వస్త్రం వదిలేసి పారిపోయాడు. ఎంత నామోషీ! పైగా చెరసాల. నువ్వు పారిపోకు. నేను అభిషిక్తుణ్ని, నన్నేమీ అంటదు అనుకుని తలుపు వేసుకునే కౌన్సెలింగ్ చెయ్యి. హాల్లో నలుగురికీ కనబడేచోట కూర్చోండయ్యా అనే పెద్దలను విశ్వాసం చాలనివాళ్ల కింద లెక్కకట్టు. డబ్బు విషయంలోనూ అంతే. ట్రస్టు పెట్టు. సభ్యులుగా నువ్వు, మీ ఆవిడ, మీ బావమరిది చాలు. లెక్కలు అడిగినవాడికి, దేవుడికి లెక్క చెప్పుకుంటానని చెప్పు. ఆ మాట విన్నాక మన విశ్వాసులు రెండోసారి అడగరు, పాపం మంచివాళ్లు.

ఒకవేళ పడితే? పేతురులా బయటికి వెళ్లి ఏడవకు. ప్రాణం పెడతానని గొప్పలు పోయి, తెల్లారేలోగా మూడుసార్లు ఆయనెవరో నాకు తెలియదన్నాడు. ఆ సంగతి నాలుగు సువార్తల్లోనూ రాసేశారు. ఆ సంఘంలో పబ్లిసిటీ చూసే మనిషే లేనట్టుంది. అంతా అయ్యాక గొర్రెలను మేపమని ప్రభువు అతనికే అప్పగించాడు, తన బలం ఏపాటిదో తెలిసిపోయినవాడికి! నీ విషయం బయటపడితే మాత్రం అది అపవాది దాడి అని ప్రకటించు, ఇతర సంఘాల కుట్ర అని ఒక వీడియో పెట్టు, రెండు వారాలు ఆగి రెట్టింపు అభిషేకంతో తిరిగి రా.

ఒంట్లో బాగోకపోతే ఎవరికీ చెప్పకు. స్వస్థత కూటాలు పెట్టేవాడికి షుగర్ ఉందని తెలిస్తే కానుకల పెట్టె తేలికైపోతుంది. పౌలుకు శరీరంలో ఏదో ముల్లు ఉండేది. తీసెయ్యమని మూడుసార్లు అడిగినా తియ్యలేదని తానే రాసుకున్నాడు. తన జతపనివాడు త్రోఫిమును జబ్బుతో ఉండగానే మిలేతులో విడిచి వచ్చానని కూడా రాశాడు. ఇలా రాస్తే హాలు నిండుతుందా? నీ మాత్రలు బ్యాగు అడుగు జేబులో పెట్టుకో. మంచం పట్టినవాడు తన బలహీనతతో ఏగినవాణ్ని చూసి ధైర్యం తెచ్చుకుంటాడని కొందరంటారు. మంచం పట్టినవాడు లైవ్ చూస్తాడే గానీ హాలుకు రాలేడు కదా.

కష్టం పడకపోయినా సాక్ష్యం మాత్రం గట్టిది ఉండాలి. పదో తరగతిలో నీకు టైఫాయిడ్ వచ్చింది గుర్తుందా? డాక్టర్లు చేతులెత్తేశారు అని చెప్పు. కాలేజీలో ఒకసారి కొట్లాట చూశావు కదా, అప్పట్లో నేను పెద్ద రౌడీనని చెప్పు. పౌలులా మాత్రం చెప్పకు. ఐదుసార్లు కొరడా దెబ్బలు, మూడుసార్లు ఓడ బద్దలవడం, నిద్రలేని రాత్రులు, అన్నీ చెప్పి, ఇలా చెప్పుకోవడం తెలివితక్కువతనమే అని సిగ్గుపడ్డాడు. జాబితా చివర, దమస్కులో గోడ మీద నుంచి బుట్టలో దిగి పారిపోయిన సంగతి పెట్టాడు. క్లైమాక్సు రాయడం తెలియని మనిషి. మన హైదరాబాదు హెబ్రోను బఖ్త్ సింగ్ గారు కూడా అంతే. కెనడాలో ఇంజనీరింగ్ చదివిన సిక్కు యువకుడు. 1933లో బొంబాయిలో ఓడ దిగితే, నీ విశ్వాసం బయటికి చెప్పకుండా ఉంచుకో, ఇంటికి రా అని తల్లిదండ్రులు అడిగారు. మౌనంగా ఉంటే చాలు, ఇల్లుంది, ఆస్తి ఉంది. ఉండనన్నాడు. వాళ్లు ఆయన్ను అక్కడే వదిలి వెళ్లిపోయారు. నీకు అంత అవసరం లేదు. మీ నాన్నగారు చర్చికి స్థలం కూడా చూశారు.

మరీ శ్రమ కావాలనిపిస్తే ఏటా శ్రమల కాలం ఎలాగూ ఉంది. నలభై రోజులు చికెన్ మానెయ్యి, ఈస్టరు మధ్యాహ్నం బిర్యానీతో లెక్క సరిపోతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది: ఎదుటివాళ్ల కష్టం. నీ కష్టానికి అర్థం వెతకడానికి ఏళ్లు పట్టవచ్చు గానీ, ఎదుటివాళ్ల కష్టానికి అర్థం రెండు నిమిషాల్లో చెప్పేయాలి. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. అన్ని రోజులు అనవసరం. ఆ తర్వాత వాళ్లు నోరు తెరిచి చేసిన వ్యాఖ్యానం చూడు, అది నీకు పనికొస్తుంది. చివరి అధ్యాయంలో దేవుడు వాళ్ల మీద కోపపడ్డాడంటారు. అంతదాకా ఎవరూ చదవరు. తాగొచ్చి కొట్టే మొగుడి గురించి ఎవరైనా అక్క వచ్చి ఏడిస్తే, ఇది నీ సిలువమ్మా, మోయాలి అని చెప్పి పంపు. దేవుడు నిన్ను సేవకు సిద్ధం చేస్తున్నాడని కూడా ఒక మాట వెయ్యి. పోలీస్ స్టేషన్‌కు తోడు వెళ్లడం, వాళ్ల అన్నకు ఫోన్ చెయ్యడం, పిల్లలను ఒక రాత్రి మీ ఇంట్లో పడుకోబెట్టడం, ఇలాంటివి మొదలుపెడితే రోజంతా దానికే పోతుంది. మర్నాడు ప్రసంగం తయారు కాదు. పాలేరు పనిలో అప్పు తీరని కుటుంబం వస్తే ఓర్పు గురించి ఒక పాట పాడించు. కూలి ఎంత, వడ్డీ ఎంత అని కాగితం మీద వెయ్యకు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక ఇబ్బంది తప్పదు. అర్ధరాత్రి గవర్నమెంటు ఆస్పత్రి నుంచి ఎవరో ఫోన్ చేస్తారు. బిడ్డ దక్కలేదయ్యగారూ, రండి అంటారు. అప్పుడు నీ డాక్టరేటూ, డ్రోనూ అక్కరకు రావు. నీ దగ్గర అనడానికి ఏమీ ఉండదు. అందుకని పక్క ఊరి ముసలి పాస్టరు గారి నంబరు ఇప్పుడే ఫోన్‌లో వేసుకో. ఆయనకు సొంత బిడ్డ పోయింది. అప్పులపాలై కొన్నాళ్లు సేవ ఆపి తాపీ పనికి వెళ్లాడు. ఒకప్పుడు కానుకల డబ్బు వాడుకుని, తర్వాత సంఘం ముందు నిలబడి ఒప్పుకుని, కూలి డబ్బుతో తిరిగి కట్టాడు. ప్రసంగం ఆయనకు అంతంతమాత్రమే. కానీ రాత్రి ఎప్పుడు పిలిచినా వస్తాడు, తెల్లారేదాకా ఉంటాడు, ఫోన్ స్విచాఫ్ చెయ్యడు.