వంశవృక్షం ఉంది, ఊపిరే ఆడదు

పగ్ కుక్కకు చప్పిడి ముక్కు జాతి లక్షణం. నాలుగు మెట్లెక్కితే వచ్చే గురక దాని ఫలితం. 2003లో పగ్ కనిపించే హచ్ ఫోన్ ప్రకటన వచ్చాక ఈ గురకకు గిరాకీ పెరిగింది. సొంత ముత్తాత పేరు అడిగితే తడుముకునే యజమాని, కుక్క ముత్తాతల పేర్లున్న కెన్నెల్ క్లబ్ పత్రాన్ని మాత్రం లామినేషన్ చేయించి దాస్తాడు. అది వంశానికి పూచీ, ఆరోగ్యానికి కాదు. మంచులో బండి లాగే సైబీరియన్ హస్కీకి విజయవాడ మే నెలలో ఏసీయే గతి. కరెంటు పోతే దేవుడే దిక్కు.

కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017 కేంద్ర నిబంధనల ప్రకారం పెంపకందారుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. తల్లికి జీవితంలో ఐదు ఈతలు మించరాదు. కొనేవాళ్లు ధర అడిగే ముందు ఆ తల్లిని చూపించమనాలి.